సుప్రజ పెసరట్టు వదిలేసింది

ఆ రోజుకి సుప్రజ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి భీమవరంలో నాన్నగారి కారెక్కడం, దారిలో ఓ కునుకు తీయడం, రాజమండ్రి ఇండోర్ స్టేడియంలో షటిల్ ఫైనల్ ఆడటం. గెలిస్తే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. ఓడితే, వచ్చే ఏడాదికి జూనియర్స్ వయసు దాటిపోతుంది కనుక, ఇక ఆ ఊసే ఉండదు. అయినా రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆట ముందు కడుపు బరువుగా ఉండకూడదని పెసరట్టు సగం తిని, సగం వదిలేసింది. కొంప ముంచింది ఆ సగమే.

ఆదినారాయణరాజు గారు ఏళ్ల తరబడి రొయ్యలు పెంచుతున్న మనిషి. చెరువులో మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. అందులో మేత మిగిలిందంటే రొయ్య ఒత్తిడిలో ఉన్నట్టు లెక్క. కూతురి పళ్లెంలోకీ ఆయన అదే చూపు చూశారు.

"ఏమ్మా, టెన్షన్‌గా ఉందా?"

"లేదండి నాన్నగారూ. ఎక్కువ తింటే పరిగెత్తలేను, అంతే."

"ఆయ్, అలాగే," అన్నారాయన. రొయ్య మాత్రం ఏనాడు నోరు తెరిచి చెప్పింది గనక! పెరట్లోకి వెళ్లి, పెనుగొండలో ఉన్న అక్కగారు సూర్యావతికి ఫోన్ చేశారు. "అక్కయ్యా, పిల్ల మేత... అదే, టిఫిన్ మానేసింది. బాగా టెన్షన్‌లో ఉంది. ఎవరికీ చెప్పకండేం."

సూర్యావతి గారికి ఆ చివరి మాట చెప్పడమంటే చేతికి మైకు ఇవ్వడమే. కారు ఊరు దాటకముందే సుప్రజకి ఫోన్లు మొదలయ్యాయి. "ఓడినా మేమేం అనుకోంలేమ్మా," అని పిన్ని ఓదార్చింది. "వంశం పరువు సంగతి అస్సలు తలచుకోకు," అని పెదనాన్నగారు ధైర్యం చెప్పారు. వంశం పరువు కూడా ఈ ఆటలో ఉందని సుప్రజకి అప్పుడే తెలిసింది. వీరవాసరం మావయ్య ఇంకో అడుగు ముందుకేసి, చేతులు వణికితే రాకెట్ జారిపోతుందని హెచ్చరించారు. ఆమె మొదటిసారి తన చేతుల వంక చూసుకుంది.

పెనుగొండలో సూర్యావతి గారు అమ్మవారి కుంకుమతో, కొడుకు వంశీతో సహా కారెక్కారు. వంశీ మనోనిబ్బరం మీద వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేశాడు. విద్య చూపించడానికి ఇంతవరకూ మనిషి దొరకలేదు.

"ఊపిరి పీల్చు సుప్రజా. నాలుగు లెక్కపెట్టేదాకా వదలకు. నీ భయం కళ్లముందు కనిపిస్తోందా?"

"నాకు భయమేం లేదు బావగారూ."

"అదిగో, మొదటి లక్షణం!"

రావులపాలెం వచ్చేసరికి పీల్చీ పీల్చీ ఆమెకి కళ్లు తిరిగాయి. "చూశావా తమ్ముడూ, పిల్ల ఎలా వాడిపోయిందో!" అని సూర్యావతి గారు కళ్లొత్తుకున్నారు.

స్టేడియంలో మరో మూడు కార్ల చుట్టాలు ముందే దిగి ఉన్నారు. రాజు గారు అందరినీ పక్కకి పిలిచి, "చెరువు గట్టు మీద అలికిడైతే రొయ్య బెదిరిపోద్ది. ఎవరూ చప్పట్లు కొట్టొద్దు, అరవొద్దు," అని కట్టడి చేశారు. దాంతో సుప్రజ పాయింట్ గెలిచినా చప్పుడు లేదు, ఓడినా లేదు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని, పరామర్శకి వచ్చినట్టు ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. సర్వీసు చేయబోతే చేయి నిజంగానే వణికింది. చిన్నప్పటినుంచి ఆలోచించకుండా కొట్టిన షాట్‌ని ఇప్పుడు మణికట్టు ఎలా తిప్పాలా అని ఆలోచించి మరీ నెట్‌కి కొట్టింది. మొదటి గేమ్ చిత్తుగా పోయింది. ఆమెకి ఏడుపొచ్చింది. పొద్దున్న లేని భయాన్ని ఇంటిల్లిపాదీ తలో చేయీ వేసి మోసుకొచ్చి తన గుండెలో దింపారు. రాష్ట్ర పోటీలు ఇక కలే అనుకుంది.

రెండో గేమ్ మొదట్లో గ్యాలరీలో దభీమని చప్పుడైంది. రాజు గారు కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. ఆట ఆగింది. సుప్రజ రాకెట్ పారేసి పరిగెత్తింది. ప్రథమ చికిత్సకి వచ్చిన నర్సు నాడి చూసి, "పొద్దున్న ఏం తిన్నారండీ?" అని అడిగింది.

"పిల్ల సరిగ్గా తినలేదన్న బెంగతో నేనసలు ముట్టలేదండి," అన్నారాయన నీరసంగా.

"కంగారేం లేదు. క్యాంటీన్‌కి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించండి. తోడు ఎవరొస్తారు?"

చుట్టాలంతా ఒక్కసారి లేచారు. సుప్రజ కూడా కదలబోతే నర్సు ఆపి, "మీరు ఆడుకోండమ్మా. ఈయనకి మనుషుల కొరత లేదు," అంది.

క్యాంటీన్‌లో రాజు గారి చుట్టూ అందరూ గుమిగూడారు. "టెన్షన్ పడకు తమ్ముడూ," అన్నారు సూర్యావతి గారు. "ఊపిరి పీల్చండి మావయ్యగారూ," అన్నాడు వంశీ. ఇక్కడ గ్యాలరీలో ఎదుటి అమ్మాయి స్నేహితురాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు. వాళ్లు సుప్రజని వెక్కిరిస్తూ, ఈలలు వేస్తూ గోల చేశారు. ఆ గోల ఆమెకి ఎంత హాయిగా ఉందో! చేయి దాని పని అది చేసుకుపోయింది. రెండో గేమ్ గెలిచింది, మూడోదీ గెలిచింది.

రాజు గారు ఇడ్లీలు తిని తేరుకుని వచ్చేసరికి కూతురి మెడలో పతకం ఉంది. ఆనందం పట్టలేక కళ్లనీళ్లు పెట్టుకున్నారు. విజయ రహస్యం ఏమిటని విలేకరి అడిగితే, "మా పిల్ల మీద మేం ఏ ఒత్తిడీ పెట్టలేదండి," అన్నారు. తరువాత కూతురి వైపు తిరిగారు. "రాష్ట్ర పోటీలకి పెద్ద బస్సే మాట్లాడేస్తానమ్మా. చుట్టాలంతా వస్తామంటున్నారు. ఎక్కడన్నావు?"

"విజయనగరంలోనండి నాన్నగారూ," అంది సుప్రజ వినయంగా.

పోటీలు అనంతపురంలో.