మేనేజరు గారు నవ్వారు

శుక్రవారం పొద్దున్న విల్సన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడివాడలో ఇంటి దగ్గర ఇడ్లీ తిని బస్సెక్కి, బందరులో తన బ్యాంకు బ్రాంచికి పోకుండా తిన్నగా చిలకలపూడి వెళ్ళి, గిల్టు నగల నాగభూషణరావు గారి చేత ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని, పదకొండుకల్లా తన మేనేజరు కుర్చీలో కూర్చోవాలి. చిలకలపూడిలో ముప్పావుగంట పని.

"లడ్డూలెందుకండీ?" అంది ఎలీసబెతు, భర్త సంచిలో స్వీటు డబ్బా సర్దుకోవడం చూసి. "బందరు వాళ్ళకి గుడివాడ నుంచి లడ్డూలు మోసుకెళ్తారా ఎవరైనా?"

"ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తాను?"

"రెండేళ్ళు తిప్పిన మనిషి స్వీట్లు పట్టుకొస్తే ఎవరు తింటారండీ? నేనైతే ముందు కుక్కకి పెట్టి చూస్తాను."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. రెండేళ్ళ క్రితం పైనుంచి ఒక కాగితం వచ్చింది. ముప్పున్న వ్యాపారాలతో జాగ్రత్త, ఏదైనా జరిగితే మేనేజరుదే బాధ్యత అని అందులో ఉంది. విల్సన్ గారు వెంటనే ముగ్గురి ఖాతాలు మూసి వాళ్ళను వదిలించుకున్నారు. అవనిగడ్డలో బాణాసంచా అమ్మే ఆయన పేలిపోతాడని, గుడివాడ రోడ్డులో బారు ఆయన తూలిపోతాడని. మూడో మనిషి నాగభూషణరావు గారు. ఆయన చేసే గొలుసుల్ని ఎక్కడో ఎవరో బంగారమని తాకట్టు పెట్టారట. పైగా పూత వేసే మందు విషమట. లైసెన్సులన్నీ ఉన్నాయి మొర్రో అని ఆయన బ్రాంచి చుట్టూ నలభై సార్లు తిరిగారు. నలభై సార్లూ "పరిశీలనలో ఉందండీ, రేపు రండి" అన్నదే సమాధానం.

ఇప్పుడు ప్రభుత్వం వైపు నుంచి ఇంకో కాగితం దిగింది. చట్టం ఒప్పుకున్న వ్యాపారమైతే ముప్పు పేరు చెప్పి ఎవరినీ బయటికి నెట్టరాదు, నెట్టిన వాళ్ళను మళ్ళీ పిలవాలి, పిలవకపోతే మేనేజరుదే బాధ్యత అని. పై కాగితాలకు ఒకటే లక్షణం. ఎటు నుంచి చదివినా చివరికి మేనేజరు మెడ దగ్గరే ఆగుతాయి. ఆ మధ్యాహ్నమే గిరిధర్ అనే అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఒక్క పాత మనిషినైనా మళ్ళీ చేర్చుకున్నట్టు చూపించకపోతే బదిలీ తప్పదని, అదీ రాష్ట్రం దాటించి వేస్తారని రీజినల్ ఆఫీసు మిత్రుడొకడు చెవిలో వేశాడు. రిటైరవడానికి పధ్నాలుగు నెలలుంది. విల్సన్ గారికి హిందీ రాదు, రొట్టె అరగదు. బాణాసంచా ఆయన వేరే బ్యాంకుకు పోయాడు. బారు ఆయన బారే మూసేశాడు. మిగిలింది నాగభూషణరావు గారొక్కరే.

బస్సులోంచి విల్సన్ గారు బ్రాంచికి ఫోన్ చేశారు.

"అమ్మా జ్యోతిర్మయీ, ఎవరు అడిగినా నేను సీట్లోనే ఉన్నానని చెప్పు. మీటింగులో ఉన్నానను. ఎవరు ఎన్ని రకాలుగా అడిగినా సరే, ఆ మాట మీదే ఉండు."

"అలాగే సార్," అంది జ్యోతిర్మయి. మాట మీద నిలబడే పిల్ల.

నాగభూషణరావు గారు వరండాలో స్టూలు మీద కూర్చుని, మెరుగు పెట్టి వచ్చిన గొలుసుల్ని ఎండకు తిప్పి చూసుకుంటున్నారు. విల్సన్ గారు గేటు తీసుకుని లోపలికి వచ్చి రెండు చేతులూ జోడించి నవ్వారు. కొంప అక్కడే మునిగింది.

"నమస్కారమండీ నాగభూషణరావు గారూ! బావున్నారా? నేను విల్సన్ని, బ్యాంకు మేనేజర్ని."

నాగభూషణరావు గారు కళ్ళజోడు పైకి జరిపారు. "నా అకౌంటు మూసేసిన విల్సన్ గారా?"

"తెరవడానికొచ్చానండీ!"

నాగభూషణరావు గారు కళ్ళు ఆయన మీద నుంచి తియ్యకుండానే లోపలికి కేకేశారు. "మహాలక్ష్మీ, ఓసారి ఇటు రా. బ్యాంకు మేనేజరు గారంట. నవ్వుతున్నారు."

మహాలక్ష్మమ్మ గారు చేతిలో అట్లకాడతోనే వచ్చారు. పూత షెడ్డులో పనిచేసే పోతురాజు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గేటుకూ మనిషికీ మధ్య నిలబడ్డాడు.

విల్సన్ గారికి ఇదేమీ పట్టలేదు. ఫారం తీశారు, పెన్ను తీశారు. "ఏం లేదండీ, రెండు నిమిషాల పని. ఆధార్ కార్డు ఇవ్వండి. మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆ నంబరు నాకు చెప్పేస్తే మిగతాదంతా నేను చూసుకుంటాను."

ముగ్గురూ ఒక్కసారి గోడ వైపు చూశారు. అక్కడ క్యాలెండరు పక్కన ఒక కరపత్రం అంటించి ఉంది. మహాలక్ష్మమ్మ గారు అట్లకాడతో చూపిస్తూ గట్టిగా చదివారు.

"'బ్యాంకు వారు మీ ఇంటికి వచ్చి ఓటీపీ అడగరు. ఈ రోజుల్లో మోసగాళ్ళు ముఖాలను, గొంతులను కూడా అచ్చుగుద్దినట్టు దించుతున్నారు. సాక్షాత్తూ నేనే వచ్చి అడిగినా నమ్మవద్దు. మర్యాదగా కూర్చోబెట్టి పోలీసులకు ఫోన్ చేయండి. ఇట్లు, బ్రాంచి మేనేజరు, విల్సన్.'"

"అది రాసింది నేనేనండీ!" అన్నారు విల్సన్ గారు.

"రాసినాయన మాటే కదా మేం వింటన్నాం," అన్నాడు పోతురాజు, గేటుకు గొళ్ళెం పెడుతూ.

విల్సన్ గారు గుర్తింపు కార్డు తీసిచ్చారు. నాగభూషణరావు గారు దాన్ని వెలుగుకు పట్టి చూసి, అంచు మీద గోటితో గీసి, తల ఊపారు. "పని బాగుంది."

"పనేంటండీ, అది నా కార్డు!"

"మూడు తరాల నుంచి మాది ఇదే వృత్తండీ. అచ్చం అసలు దానిలాగే ఉందంటే మేం ముందు అనుమానిస్తాం. అసలు సరుకు అసలులా కనపడటానికి ఇంత కష్టపడదు."

"నలభై సార్లు బ్రాంచికి వచ్చారు, నా మొహం గుర్తులేదా?"

"మొహం ఎప్పుడు చూపించారండీ ఆయన? తలెత్తితేగా. కంప్యూటర్లోకి చూస్తా మాట్లాడేవారు. నాకు తెలిసిందల్లా ఆయన నడినెత్తి."

"అయితే నడినెత్తే చూడండి!" అని విల్సన్ గారు తల వంచారు.

మహాలక్ష్మమ్మ గారు వంగి చూసి పెదవి విరిచారు. "బట్టతలలన్నీ ఒకేలా ఉంటాయి బాబూ."

"పోనీ బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కోండి!"

కరపత్రం మీద నంబరు ఉంది. నాగభూషణరావు గారు స్పీకరు పెట్టి చేశారు.

"మేనేజరు గారున్నారామ్మా?"

"ఉన్నారండీ, సీట్లోనే ఉన్నారు. మీటింగులో ఉన్నారు," అంది జ్యోతిర్మయి.

"నీకు కనపడతన్నారా?"

"ఎదురుగానే ఉన్నారండీ."

"అమ్మా జ్యోతిర్మయీ, నేనమ్మా, విల్సన్ని! ఇక్కడున్నాను!" అని విల్సన్ గారు అరిచారు.

రీజినల్ ఆఫీసు వాళ్ళు తనను పరీక్షిస్తున్నారని జ్యోతిర్మయికి గట్టిగా అనిపించింది. "మా సార్ గొంతు బాగా దించారండీ. కానీ మా సార్ ఇక్కడే ఉన్నారు," అని పెట్టేసింది.

"మా ఆవిడని అడగండి, నంబరు ఇస్తాను," అన్నారు విల్సన్ గారు నీరసంగా.

"ముఠాలో ఆడవాళ్ళు కూడా ఉన్నారన్నమాట," అన్నారు మహాలక్ష్మమ్మ గారు.

పోలీసులకు ఫోన్ వెళ్ళింది. వస్తున్నాం, ఈలోగా వదలొద్దన్నారు వాళ్ళు. కరపత్రంలో మర్యాదగా అని ఉంది కాబట్టి విల్సన్ గారిని బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, మంచినీళ్ళిచ్చారు. లడ్డూ డబ్బా మాత్రం ఆయన ముందే పెట్టి, "ముందు మీరు తినండి," అన్నారు. విల్సన్ గారు ఒకటి తిన్నారు. వాళ్ళు పావుగంట గమనించారు. పైవరసలో మందు కలపలేదేమోనని పోతురాజుకు అనుమానం వచ్చి అడుగువరస నుంచి ఒకటి తీసిచ్చాడు. పదకొండయ్యేసరికి షుగరు మనిషి నాలుగు లడ్డూలు తిన్నాడు.

అప్పుడే గేటు ముందు కారు ఆగింది. గిరిధర్ మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే బ్రాంచికి ఫోన్ చేశాడు, మేనేజరు సీట్లో ఉన్నారని విన్నాడు, వెళ్ళి చూస్తే సీటు ఖాళీ. అనుమానమొచ్చి, మూసిన ఖాతాల జాబితా పట్టుకుని నేరుగా ఖాతాదారునే అడుగుదామని వచ్చాడు.

"నేను ప్రభుత్వం తరఫున వచ్చానండీ. బ్యాంకు వాళ్ళు మిమ్మల్నేమైనా ఇబ్బంది పెట్టారేమో కనుక్కుందామని."

మహాలక్ష్మమ్మ గారు బుగ్గ నొక్కుకున్నారు. "మొదటాయన నవ్వాడు. ఈయన కష్టసుఖాలు అడుగుతున్నాడు, అదీ ప్రభుత్వం తరఫున. పోతురాజూ, గేటు!"

రెండు నిమిషాల్లో గిరిధర్ కూడా బల్ల మీద చేరాడు. పక్కనున్న మనిషి ఒళ్ళో లడ్డూ డబ్బా చూసి, "మీరెవరండీ?" అని అడిగాడు.

"విల్సన్నండీ. బ్రాంచి మేనేజర్ని."

"మేనేజరు సీట్లో ఉన్నారని చెప్పారే?"

"నేనే చెప్పించానండీ."

గిరిధర్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. విల్సన్ గారికి రాష్ట్రం దాటుతున్న రైలు కళ్ళముందు కనిపించింది. తల వంచుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. ఇంక ఎవరి వంకా చూసే ఓపిక లేదు.

పోతురాజు మెల్లగా దగ్గరికొచ్చాడు. "సార్, ఒకేళ మీరు నిజం మేనేజరే అయితే... ఆటో లోనుకి పెట్టుకుని ఏడాదయిందండీ. ఏమైందో కాస్త చెప్తారా?"

విల్సన్ గారు తలెత్తలేదు. పాతికేళ్ళ అలవాటు దానంతటదే పలికింది. "పైనుంచి రావాలయ్యా. పరిశీలనలో ఉంది. రేపు రండి."

నాగభూషణరావు గారు స్టూలు మీద నుంచి దిగ్గున లేచారు. చేతిలో గొలుసులు జారి కింద పడ్డాయి.

"ఈయనేనే! విల్సన్ గారే! ఆ గొంతు, ఆ 'రేపు రండి', ఆ నడినెత్తి! గీటురాయి మీద గీసినట్టు తెలిసిపోయింది. మేలిమి సరుకు!"

గొళ్ళెం తీశారు, కాఫీలు వచ్చాయి. పోలీసులు కూడా వచ్చి కాఫీ తాగి వెళ్ళారు. మహాలక్ష్మమ్మ గారు క్షమించమని అడుగుతూనే, "ముందే ఇలా మామూలుగా మాట్లాడుంటే ఇంత గొడవ ఉండేదా బాబూ!" అని తప్పు ఆయన మీదే పెట్టారు. గిరిధర్ మాత్రం గోడ దగ్గరికి వెళ్ళి కరపత్రాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

విల్సన్ గారు ఆఖరి ఆశతో ఫారం ముందుకు జరిపారు. నాగభూషణరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీరు ఒక కాగితానికి మూస్తారు, ఇంకో కాగితానికి తెరుస్తారు. మూడో కాగితం వస్తే మళ్ళీ మూస్తారు. మీతో మాకు కాస్త ముప్పేనండీ. మా అల్లుడిని అడగాలి, సంఘంలో మాట్లాడాలి." ఫారాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టారు. "పరిశీలనలో ఉంచుతానండీ. రేపు రండి."

నెల తిరిగేసరికి గిరిధర్ రిపోర్టు వచ్చింది. ఖాళీ సీటు సంగతీ, గొళ్ళెం సంగతీ అందులో లేవు. అవి రాస్తే తననూ బల్ల మీద కూర్చోబెట్టారని రాసుకోవాలి. వెనక్కి పంపిన ఖాతాదారు ఇంటికి స్వయంగా వెళ్ళిన మేనేజరు జిల్లా మొత్తానికి ఈయనొక్కరే అని, మోసాలపై ఈ శాఖ ఖాతాదారులకున్నంత అవగాహన మరెక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. చివర్లో ఒక వాక్యం చేర్చాడు: సదరు ఖాతా పని నడుస్తున్నందున, అది పూర్తయ్యే వరకు ఈ మేనేజరును బదిలీ చేయరాదు.

ఈలోగా అదే కాగితానికి భయపడిన ఇంకో రెండు బ్యాంకుల వాళ్ళు నాగభూషణరావు గారి గేటు ముందు బారులు తీరారు. వాళ్ళలో ఒకరి బ్రాంచికి తానే వెళ్ళి ఆయన ఖాతా తెరుచుకున్నారు. ఆ సంగతి విల్సన్ గారికి తెలుసు. రిపోర్టులో ఆఖరి వాక్యం నాగభూషణరావు గారికి తెలియదు.

ప్రతి సోమవారం విల్సన్ గారు చిలకలపూడి వెళ్ళి, మొహం గంటు పెట్టుకుని, "మా ఫారం ఏమైందండీ?" అని అడుగుతారు. "పరిశీలనలో ఉందండీ, రేపు రండి," అంటారు నాగభూషణరావు గారు గొలుసుల మీంచి తలెత్తకుండా. విల్సన్ గారు నిట్టూర్చి, గేటు దగ్గరగా వేసి, వీధి మలుపు తిరిగాక, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, అప్పుడు నవ్వుతారు.