నాయనమ్మ ఎక్కని బస్సు

ఆ ఆదివారం పొద్దున ఎడిటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పిల్లల సినిమా చూడాలి. చూస్తున్నంతసేపూ ఎవరూ ఏడవకూడదు. మొదటి పని ఎవరైనా చేయగలరు. రెండో దాని కోసమే ఆయన అందరికంటే ముందు లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఎడిటరంటే పత్రికలో పనిచేసే మనిషి కాదు. పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే మనిషి. ఆ పనిలో ఆయనకు మంచి పేరుంది. ఆయన చేతిలో పడిన పెళ్ళిలో ఎవరూ ఏడవరు. అత్తారింటికి బయలుదేరే పెళ్ళికూతురు ఏడిస్తే కోసేస్తాడు. వాళ్ళ నాన్న కళ్ళు తుడుచుకుంటే కోసేస్తాడు. బొత్తిగా కోయడానికి వీల్లేని చోట ఆ ముక్కను వెనక్కి తిప్పి నడిపిస్తాడు. అప్పుడు కన్నీటి బొట్టు గడ్డం దగ్గర బయలుదేరి, బుగ్గ మీదుగా పైకి పాకి, బుద్ధిగా కంట్లోకి వెళ్ళి కూర్చుంటుంది. "ఏడుపు చూసుకోడానికి ఎవరైనా వీడియో తీయించుకుంటారా?" అనేది ఆయన సిద్ధాంతం.

ఇంకో అలవాటు కూడా ఉంది. కోసిన ముక్కను పారేయడు. అన్నిటినీ ఒకదాని వెనక ఒకటి అతికించి, ఒక పెన్ డ్రైవులో వేసి దాస్తాడు. ఇది వాళ్ళమ్మ నుంచి వచ్చిన బుద్ధి. ఆవిడ బతికినన్నాళ్ళూ ఇంట్లో బట్టలు కుట్టేది, మిగిలిన గుడ్డముక్కలన్నీ మూటగట్టి దాచేది. కిందటి వానాకాలంలో ఆవిడ పోయింది. ఆవిడ కుట్టు మిషను బల్ల మీదే ఇప్పుడు ఎడిటరు కంప్యూటర్ ఉంది. ఆలోచనలో పడ్డాడంటే ఆయన కాలు దానంతటదే కింద మిషను తొక్కుతుంది.

ఆవిడ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన ముందు ఆ మాట ఎవరూ ఎత్తరు. ఏడేళ్ళ కూతురు అసలే ఎత్తదు. ఒకచోట కాలు నిలవదు కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. నాయనమ్మ పక్కలో తప్ప నిద్రపోని పిచ్చుక, నాయనమ్మ ఊసే మానేసింది. "చూశావా, మరిచిపోయింది. పసిపిల్లలకి అదే వరం" అని ఎడిటరు భార్యతో అంటూ ఉండేవాడు. ఆవిడ పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించడమే ఆవిడ వృత్తి అయినా, ఈ ఒక్క విషయంలో ఏదో అనబోయి తన నోరే మూసుకునేది.

ఇప్పుడు ఈ సినిమా వచ్చిపడింది. ఇంట్లో అందరూ కలిసి చూసి, ఎలా అనిపించిందో సోమవారం వచ్చి చెప్పమని బళ్ళో టీచరు పంపింది. అందులో బట్టలు కుట్టే ఒక బామ్మ ఉంటుంది. మొదట్లోనే చనిపోతుంది. ఆమె మనవడు ఒంటరిగా ఆ మిషను ముందు కూర్చుని తొక్కుతుంటే, వాడి ఊహలో అది ఓడ అవుతుంది. దారాన్ని వదులుకుంటూ మేఘాల్లో పడి, బామ్మను వెతుక్కుంటూ పోతాడు.

మొదటి పది నిమిషాలు చూసేసరికి ఎడిటరు కాలు మిషను తొక్కడం ఆపేసింది. తర్వాత చేతులు పని మొదలుపెట్టాయి. ఆస్పత్రి కోసేశాడు. ఖాళీ మంచం కోసేశాడు. కుర్రాడు బామ్మ శాలువా వాసన చూసే చోటైతే సరిగా చూడకుండానే కోసేశాడు. చివరికి ఏం మిగిలిందంటే, బామ్మ నవ్వుతూ సూదిలో దారం ఎక్కిస్తుంది, మరుక్షణం మనవడు మేఘాల్లో ఉంటాడు. మధ్యలో బామ్మ ఏమైందో దేవుడికే తెలియాలి.

దేవుడికి ఆ శ్రమ ఎందుకని ఎడిటరే పూనుకున్నాడు. ముందు రోజు పూర్తిచేసిన పెళ్ళి వీడియోలో ఒక పచ్చ బస్సుంది. పెళ్ళికూతురి తండ్రిదే ఆ బస్సు, ఆయనే నడుపుకుంటాడు. పెళ్ళివారంతా అందులో వెళుతుంటే, మెట్టు మీద పెళ్ళికూతురి మేనమామ మెడలోని టై తలకు కట్టుకుని డాన్సు చేస్తుంటాడు. ఆ ముక్క తెచ్చి సినిమాలో అతికించి, తన గొంతుతోనే మూడు మాటలు చేర్చాడు. "బామ్మ ఊరెళ్ళింది. హాయిగా ఉంది. తొందర్లో వచ్చేస్తుంది."

ఆ మాటలు ఎలా వచ్చాయో మళ్ళీ విని చూసుకోలేదు. అదే సమయానికి బస్సాయన వచ్చి బెల్లు కొట్టాడు.

"తొందరగా ఇవ్వండి ఎడిటరుగారూ! సాయంత్రం వియ్యాలవారంతా వస్తున్నారు. అందరికీ పెళ్ళి చూపించాలి."

బల్ల మీద ఒకేలాంటి పెన్ డ్రైవులు రెండున్నాయి. ఒకదాన్లో పెళ్ళి. ఇంకోదాన్లో సినిమాలోంచి కోసిన ఏడుపులన్నీ. ఎడిటరు సరిగా చూడకుండానే, చేతికందినది తీసి ఇచ్చేశాడు.

సాయంత్రమైంది. కర్టెన్లు వేశారు. తాతయ్య కుర్చీలో, డాక్టరమ్మ సోఫాలో, పిచ్చుక నేల మీద కూర్చున్నారు. తాతయ్య రిటైరైన డ్రాయింగు మాస్టరు. గీత వంకర పోతే ఆయన ప్రాణం ఒప్పుకోదు. సినిమా మొదలై బామ్మ సూదిలో దారం ఎక్కించింది. ఇంతలో ఫోను మోగింది. బస్సాయన.

"ఎడిటరుగారూ, మొదలెట్టామండీ! ఎత్తుగడ భలే కొత్తగా ఉంది. ఎవరో ముసలావిడ మంచం మీద పడుకునుంది. ఇది ఆర్టు అంటున్నాడు మా వియ్యంకుడు. ఇంతకీ పెళ్ళికొడుకు ఎప్పుడొస్తాడు?"

ఎడిటరు చెవి ఫోను మీద ఉంది కానీ మనసంతా కూతురి మొహం మీద ఉంది. తెర మీదికి పచ్చ బస్సు వచ్చే వేళ అది.

"వస్తాడండీ, వస్తాడు. మొదట్లో కాస్త మెల్లగా ఉంటుంది, ఓపిక పట్టండి" అని పెట్టేశాడు.

బస్సు వచ్చింది. టై మామయ్య డాన్సు చేశాడు. బామ్మ ఊరెళ్ళింది.

"అదేమిట్రా, చేతిలో సంచీ అయినా లేకుండా ఊరెలా వెళ్ళింది?" అన్నాడు తాతయ్య.

"ముందే బస్సులో పెట్టేసింది నాన్నా."

"కళ్ళజోడు మిషను మీదే ఉందిగా. అది లేకుండా అక్కడ దిగి ఏం చూస్తుంది?"

"ఊళ్ళో ఇంకోటుంటుంది. నువ్వు సినిమా చూడు నాన్నా."

"ఏవండీ, ఆ వెనక మాట్లాడింది మీరు కాదు కదా?" అంది డాక్టరమ్మ.

"డబ్బింగు గొంతులన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు ఎడిటరు.

ఇంతలో మేఘాల్లో ఉన్న కుర్రాడి గడ్డం మీంచి కన్నీటి బొట్టు బయలుదేరి పైకి ఎక్కసాగింది. తాతయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. "వీడి కన్నీళ్ళేమిట్రా, పైకి పోతున్నాయి?"

"అది ఊహాలోకం నాన్నా. అక్కడ అన్నీ పైకే పోతాయి."

పిచ్చుక మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సగంసేపు తెర చూసింది, సగంసేపు తండ్రి మొహం చూసింది. అరగంటకే సినిమా అయిపోయాక లేచి వచ్చి, ఆయన చెయ్యి నిమిరి, "చాలా బాగుంది నాన్నా. నీకు నచ్చిందా?" అంది. ఎడిటరు పొంగిపోయాడు. పెళ్ళాం వైపు విజయగర్వంతో చూశాడు. అప్పుడే ఫోను మళ్ళీ మోగింది.

"ఎడిటరుగారూ..." బస్సాయన గొంతు బొంగురుపోయి ఉంది. "ఆవిడ పోయిందండీ."

"అయ్యో! ఎవరండీ?"

"ఆవిడేనండీ, ఆ ముసలావిడ. ఆస్పత్రిలో. మా అమ్మాయి ఏడుస్తోంది. మా వియ్యపురాలు ఏడుస్తోంది. మా బావమరిదైతే టై విప్పి ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆ కుర్రాడు శాలువా వాసన చూస్తున్నాడండీ..."

ఎడిటరు దిగ్గున లేచాడు. పరుగెత్తుకెళ్ళి బల్ల మీది పెన్ డ్రైవు పెట్టి చూశాడు. తెర నిండా పెళ్ళి. పెళ్ళికొడుకు చిరునవ్వుతో నడిచి వస్తున్నాడు, చూసే దిక్కు లేక.

"పొరపాటైపోయిందండీ! అసలుది పట్టుకుని ఇప్పుడే వస్తున్నాను!"

"మీరు కదలకండి. మేమే వస్తున్నాం. అందరం." ఫోను ఆగిపోయింది.

"అయిపోయింది. తన్నడానికి వస్తున్నారు" అన్నాడు ఎడిటరు, భార్య పక్కన కూలబడుతూ. "బస్సేసుకుని వస్తున్నారు."

"పళ్ళ సంగతి నేను చూసుకుంటాను లెండి. మిగతావి మీరు కాపాడుకోండి" అంది డాక్టరమ్మ.

ఎడిటరు తలుపు గడియ వేశాడు. మళ్ళీ తీశాడు. గడియ వేస్తే ఇంకా కోపం వస్తుందేమోనని. ఈ తర్జనభర్జనలో ఉండగానే కింద వీధిలో హారను మోగింది. కిటికీ దగ్గరున్న పిచ్చుక ఎగిరి గంతేసింది.

"నాన్నా! బామ్మ ఎక్కిన బస్సు! మన ఇంటికే వచ్చింది!"

తీసివున్న తలుపులోంచి రివ్వున మెట్ల మీదికి పోయింది. ఎడిటరు తన్నుల సంగతి మరిచిపోయాడు. బామ్మ ఊరెళ్ళింది, వచ్చేస్తుంది అని పొద్దున తన నోటితో తనే అన్నాడు. పిల్ల నమ్మింది. ఇప్పుడు బస్సెక్కి సీటు సీటునా వాళ్ళ నాయనమ్మను వెతుకుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా! ఒక కాలికే చెప్పుతో ఆయన కిందికి దూకాడు.

బస్సు తలుపు తెరుచుకుంది. పెళ్ళివారు ఎర్రటి కళ్ళతో ఒక్కొక్కరే దిగుతున్నారు. పిచ్చుక మునివేళ్ళ మీద లేచి లోపలికి తొంగిచూస్తోంది.

"వెతక్కమ్మా!" అని అరిచాడు ఎడిటరు. "అందులో నాయనమ్మ లేదు తల్లీ!"

దిగేవాళ్ళు మెట్ల మీదే ఆగిపోయారు. పైన కిటికీలోంచి డాక్టరమ్మా, తాతయ్యా చూస్తున్నారు.

"నేను అబద్ధం చెప్పానమ్మా. నాయనమ్మ ఊరెళ్ళలేదు. తొందర్లో రాదు. అసలే రాదు." ఎడిటరు ఆయాసపడుతూ కూతురి ముందు కూర్చున్నాడు. "మా అమ్మ చచ్చిపోయిందమ్మా."

ఆ మాట ఆయన నోటితో అనడం అదే మొదటిసారి. పిచ్చుక ఆయన్ని జాలిగా చూసింది. తర్వాత తలెత్తి, కంగారుగా కిటికీ వైపు అరిచింది.

"అమ్మా! నాన్నకి తెలిసిపోయింది! నేను చెప్పలేదు, ఒట్టు!"

ఎడిటరు నోరు తెరిచాడు. డాక్టరమ్మకి వృత్తిపరంగా అంతకంటే బాగా తెరిచిన నోరు ఎప్పుడూ దొరకలేదు.

"ఏం తెలిసిపోయింది?"

"నాయనమ్మ సంగతి. నీకు తెలీదుగా నాన్నా. ఎవరైనా ఆ మాటెత్తితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతావు. ఫొటో కూడా చూడవు. నీకు తెలిస్తే తట్టుకోలేవని, కాస్త పెద్దయ్యాక చెబుదామని నేనే అన్నాను. తాతయ్యా నేనూ నువ్వు లేనప్పుడే మాట్లాడుకుంటాం. నాయనమ్మ మూట విప్పి, ఏ ముక్క ఎవరి చొక్కాదో తాతయ్య చెబుతాడు. నువ్వొచ్చే లోపల మళ్ళీ కట్టేస్తాం."

"మరి బస్సు దగ్గరికెందుకు పరుగెత్తావు?"

"డాన్సు మామయ్యని చూద్దామని."

డాన్సు మామయ్య అప్పటికి టైలో ముక్కు చీదుతున్నాడు. బస్సాయన అందర్నీ తోసుకుని ముందుకొచ్చి ఎడిటరు భుజం పట్టుకున్నాడు. ఎడిటరు కళ్ళు మూసుకున్నాడు.

"తగువు తర్వాత పెట్టుకుందామండీ. ముందిది చెప్పండి. ఆవిడ పోయాక ఆ కుర్రాడేమయ్యాడు? మా దాంట్లో ఏడుపులే ఉన్నాయి. మిగతా సినిమా ఏదీ?"

"అది మా దగ్గరుంది!" పైనుంచి తాతయ్య కేకేశాడు. "మా దాంట్లో ఏడుపులే లేవు! పైకి రండి!"

అందరూ పైకి వచ్చారు. సోఫా చాలక నేల మీద కూర్చున్నారు, నేల చాలక వంటగది గడప దాకా సర్దుకున్నారు. పెళ్ళికూతురు ఎడిటరు పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది. "అంకుల్, నేను బయలుదేరేటప్పుడు మా నాన్న ఏడ్చారు. అది కూడా కోసేశారా?"

"దాచానమ్మా."

"దాన్ని మళ్ళీ అతికించండి. నాక్కావాలి."

టీచరు పంపిన అసలు సినిమా, ఒక్క ముక్కా తీయకుండా, మొదటి నుంచి మొదలైంది. ఎడిటరుకి కూర్చోడానికి చోటు దొరకలేదు. అమ్మ మిషను ముందున్న స్టూలే మిగిలింది. అక్కడే కూర్చున్నాడు. ఆస్పత్రి వచ్చింది. ఖాళీ మంచం వచ్చింది. ఈసారి శాలువాని చివరిదాకా చూశాడు. కుర్రాడు మేఘాల్లో తిరిగి తిరిగి, చేతిలో దారం అయిపోయే దగ్గర ఆగి, బామ్మకు వినపడేలా పిలిచి, ఓడను ఇంటివైపు తిప్పుకున్నాడు. మిషను తొక్కుతున్న ఎడిటరు కాలు ఆగిపోయింది.

పిచ్చుక వచ్చి ఆయన చేతిలో ఒక గుడ్డముక్క పెట్టింది. నీలం గళ్ళది, ఆయన బడికి వెళ్ళే రోజుల్లో వాళ్ళమ్మ కుట్టిన చొక్కాది. "నీకు చెప్పే రోజు ఇద్దామని తీసి ఉంచాను" అంది.

అంతే. అన్నాళ్ళుగా కోసి దాచినదంతా ఒక్కసారిగా వచ్చేసింది. పెళ్ళివారంతా సినిమా మానేసి ఆయన్ని చూశారు. పిచ్చుక ఆయన ఒళ్ళోకెక్కి మెడ కావలించుకుంది.

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముందుకు వంగి కొడుకు మొహాన్ని పరీక్షగా చూశాడు.

"ఆఁ, ఇప్పుడు సరైన దిక్కుకే కారుతున్నాయి."