మంత్రిగారి భుజం

తన ఒంటిమీది ప్రతి దెబ్బా కార్మికుల కోసం తిన్నదేనని కార్మికశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ దెబ్బలు కొట్టినవాడి ఆత్మకథను తానే స్వయంగా ఆవిష్కరిస్తానని కూడా ప్రకటించి, తన హృదయం ఎంత విశాలమో చాటుకున్నారు. ఆ పుస్తకాన్ని టైపు చేసే భాగ్యం మా ప్రెస్సులో నాకు దక్కింది.

రాసినవాణ్ణి అందరూ గొలుసు అనేవారు. ఇరవై ఏళ్ల కిందట మిల్లు సమ్మెలో యాజమాన్యం తరఫున సైకిల్ గొలుసు తిప్పి, జైలుకెళ్లి, అక్కడ చదవడం, రాయడం, పశ్చాత్తాపపడటం నేర్చుకున్నాడు. అప్పట్లో ఆ సమ్మెకు నాయకులు మన మంత్రిగారే.

మొదటి ప్రూఫు తీసిన రోజే మంత్రిగారి పీఏ వచ్చాడు.

"సార్ పేరు ఎక్కడా లేదేంటి?"

"నేను ఆయన్ని కొట్టలేదండి," అన్నాడు గొలుసు.

"వానొస్తే సార్‌కి భుజం లాగేస్తుంది తెలుసా?"

"అది వయసండి. ఆ రోజు ఆయన మేనేజరు గదిలో టీ తాగుతున్నారు. మాకు గేటు తీయించిందే ఆయన."

పీఏ నావైపు తిరిగాడు. "ఇది కూడా టైపు చేశారా?"

"ఒక్క అచ్చుతప్పు లేకుండా చేశానండి," అన్నాను.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడి మనిషి ఫోన్ చేశాడు. మంత్రికి ఒక దెబ్బ వేస్తే తమ నాయకుడికి రెండు వేయాలట. ఒకటి తలమీదే పడాలట. దెబ్బలు తినడానికి పెద్దలు ఇలా పోటీపడటం చూసి నా కళ్లు చెమర్చాయి.

గొలుసు మాత్రం లొంగలేదు. "నేను కొట్టింది ఒక్క ఫిట్టర్ని. కుడికాలు విరగ్గొట్టాను. అదే ఉంటుంది."

ఆ పేజీ పట్టుకుని ఇద్దరం ఫిట్టరు ఇంటికి వెళ్లాం. అతను కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. అతని భార్య మాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"కుడి కాదయ్యా, ఎడమ," అన్నాడు ఫిట్టరు.

గొలుసు వంగి ఆ కాలు పట్టుకున్నాడు. "క్షమించన్నా."

"ఆ కాలికి స్పర్శ లేదు. ఎంతసేపు పట్టుకున్నా తెలీదు. లేచి కూర్చో."

ఎడమ అని నేనే దిద్దాను.

రెండు రోజులకు పీఏ మళ్లీ వచ్చాడు, ఈసారి నలుగురితో. సాహిత్యం గురించి మాట్లాడాలంటూ గొలుసును పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపేసుకున్నారు. చర్చ ఘాటుగానే సాగింది. మెషీను చప్పుడులోనూ వినిపించింది. బయటికొచ్చి పీఏ నాకో కొత్త అధ్యాయం ఇచ్చాడు. మంత్రిగారి భుజం, పదహారు పేజీలు. మేనేజరు గదీ, టీ ఎగిరిపోయాయి. అయినా చోటు చాలక, ఫిట్టరు కాలిని ఫుట్‌నోటులోకి దించాను. నాకూ పెళ్లాం పిల్లలున్నారు.

సభలో మంత్రిగారు భుజం నిమురుకుంటూ, "కొట్టినవాణ్ణి క్షమించడమే నా రాజకీయం!" అన్నారు. హాలంతా చప్పట్లు. కొట్టనిది గొలుసొక్కడే. అతని చెయ్యి కట్టులో ఉంది.

పక్క కుర్చీలోంచి ఫిట్టరు వంగి మెల్లగా అడిగాడు. "ఎవరు కొట్టారయ్యా?"

"పేర్లు తెలీవన్నా," అన్నాడు గొలుసు. "ఎప్పటికైనా వాళ్లూ పుస్తకం రాస్తారుగా. అందులో చూద్దాం."