ఎర్రవాగు ఖాళీ గడులు

నేను ఇంతవరకు కథ కాదు కదా, ఎవరికీ ఉత్తరం కూడా రాసి ఎరగను. ఆరోగ్య కేంద్రంలో ఆయాని. పైనుంచి వచ్చిన సార్లు జబ్బుల లెక్కలు కంప్యూటర్లో ఎట్లా ఎక్కించాలో, ఎట్లా తేల్చాలో మా సిస్టరమ్మలకి మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారు. రెండు రోజులు టీలు అందిస్తూ గోడ పక్కన నిలబడి విన్నాను. ఇంటికొచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. మనుషుల పేర్లతో రాసే ధైర్యం లేక జంతువుల మీద పెట్టి రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఒక పెద్ద అడవిలో మూడు వాగులు ఉండేవి. తేనెవాగు, రాళ్ళవాగు, ఎర్రవాగు. ఎర్రవాగు పక్కన బీద జంతువులు కాపురం ఉండేవి. ఇంకెక్కడా వాటికి చోటివ్వలేదు కాబట్టి అక్కడ ఉండేవి. ఆ వాగుకి పైమొగాన సింహం రాజుగారి వంటసాల. రాజుగారు తినగా మిగిలిన పేగులూ తోళ్ళూ అన్నీ అక్కడే నీళ్ళలోకి నెట్టేవాళ్ళు.

ఆ ఏడు వానలు తగ్గి వాగు సన్నబడింది. కింద పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున ఎగిరి దూకిన పిల్ల సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయి పడుకునేది.

నల్లక్క అనే అడవిపంది కూడా అక్కడే ఉండేది. ఇంటింటికీ తిరిగి పిల్లల ఆరోగ్యం రాసుకొచ్చే పని ఆమెది. ఆమెకి ఎనిమిది మంది పిల్లలు. ముగ్గురు ఆ నెలలోనే పోయారు. మిగిలిన ఐదుగురూ బతకాలంటే ఎర్రవాగుకి ముళ్ళకంప అడ్డం వేసి, అందర్నీ తేనెవాగులో తాగనివ్వాలి. తేనెవాగు రాజుగారి చుట్టాలది. అక్కడ మూతి పెట్టాలంటే ఆజ్ఞ కావాలి.

నల్లక్క ఆరోగ్యాధికారి ఎలుగుబంటి దగ్గరికి పోయి అడిగింది. ఎలుగుగారు చెడ్డవారేమీ కాదు, ఎప్పుడూ నిద్రమత్తులో ఉండేవారు, అంతే. లెక్క తేలనిదే తానేమీ చేయలేనని, తేలితే తప్పకుండా చూస్తానని, వెళ్ళేటప్పుడు తలుపు చేరవేసి పొమ్మని చెప్పారు.

ఆ అడవిలో లెక్క రాసే పద్ధతి ఇదీ. ఇంటికొక చెట్టు బెరడు, బెరడు మీద పిల్లకొక గడి. బాగున్న పిల్ల గడిలో సున్నం బొట్టు. జబ్బు పిల్ల గడిలో ఎర్రమన్ను బొట్టు. పిల్ల పోతే మాత్రం ఆ గడిని ముట్టరు. రంగు వేయరు, కొట్టెయ్యరు, అట్లాగే ఖాళీగా వదిలేస్తారు. తాతల నాటి నుంచీ అదే ఆచారం. బెరడు మీద ఖాళీ గడి కనబడితే ఎంత గయ్యాళి జంతువైనా గొంతు తగ్గించేది. ఆ ఖాళీకి అర్థం అందరికీ తెలుసు, ఇంట్లో ఎప్పుడూ ఖాళీ గడి పడని వాళ్ళకి తప్ప.

ఇట్లా ఉండగా పక్క అడవి వాళ్ళు రంగుల గీతలతో ఆరోగ్య నివేదిక వేశారని రాజుగారికి తెలిసింది. మనకెందుకు లేదని ఆయన ఒక్క గర్జన గర్జించారు. ఎక్కడో పెద్ద సరస్సు ఒడ్డున ఆరు వానాకాలాలు లెక్కలు చదివొచ్చిన కొంగగారిని పిలిపించారు.

కొంగగారు తెల్లగా, ఒంటికి మట్టి అంటకుండా ఉండేవారు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని మాట్లాడేవారు. జబ్బు పిల్లని ఎప్పుడూ దగ్గర్నించి చూడలేదు గాని, జబ్బు పిల్లల సగటు ఎంతో అడిగితే కళ్ళు తెరవకుండా చెప్పేవారు.

ఆయన ఒక పాకలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు ఎవరెవరో చెప్పుకోవడానికీ, మధ్యాహ్నం భోజనానికీ సరిపోయింది. రెండో రోజు చీమల యంత్రం తెరిచారు. ఇసకలో వరసలుగా గుంటలు. ఇంటికొక వరస, పిల్లకొక గుంట. కొంగగారి కింద గుమాస్తాగా ఉన్న కోతి బెరడు చూసి, బాగున్న పిల్ల గుంటలో వడ్లగింజ, జబ్బు పిల్ల గుంటలో గురివింద గింజ వెయ్యాలి. కొంగగారు ఆజ్ఞ చెప్తే పదివేల చీమలు ఆ గింజల మీదుగా నడిచిపోయి అటు చివర లెక్క తేల్చి పెడతాయి.

ఆజ్ఞలో ఒక్క మాట అటూ ఇటూ అయితే చీమలు కదలవు. ఎందుకు కదలలేదో చెప్పవు కూడా. కొంగగారు ముందు కోతి చేత చెప్పిస్తే, అది పొద్దుటి నుంచి ఆ చీమల్ని బతిమాలుతూ కూర్చుంది. చివరికి మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం మర్చిపోయిందని తేలింది.

తేనెవాగు వరసలు బాగానే నడిచాయి. రాళ్ళవాగువీ నడిచాయి. ఎర్రవాగు వరసలు రాగానే చీమలు ఆగిపోయాయి. ఖాళీ గుంట వచ్చినచోట ముందు చీమ అందులో పడింది, దాని వెనక చీమ దాని మీద పడింది, ఇంక వరసంతా కుప్ప.

కొంగగారు కళ్ళు తెరిచారు. ఎవరు తెచ్చిన బెరళ్ళివి అని అడిగారు. వెనకాల కూర్చున్న నల్లక్కని అందరూ తిరిగి చూశారు. ఆమెకి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. లేచి నిలబడింది.

"ఖాళీలు ఎందుకు వదిలావమ్మా?"

"అవి ఖాళీలు కాదయ్యా. ఆ పిల్లలు లేరు."

"లేకపోతే లేరని రాయాలి గదా."

"మాలో అట్లా రాయరయ్యా. అట్లా వదిలేస్తేనే రాసినట్టు."

కొంగగారు జాలిగా నవ్వారు. నల్లక్క కొంచెం ధైర్యం చేసి, పోనీ ఆ గడుల్లో ఎర్రబొట్టు పెట్టమంటే ఆచారం పక్కనబెట్టి పెడతానంది. ఆ మాట ఆమె నోట రావడానికి ఎంత కష్టపడిందో ఆ పాకలో ఒక్కరికీ పట్టలేదు.

"ఎర్రబొట్టు ఎవరికి? ఇవాళ విరేచనాలు అవుతున్న పిల్లకి. చచ్చిన పిల్లకి ఇవాళ విరేచనాలు అవుతున్నాయా?"

"లేదయ్యా."

"మరి ఎర్రబొట్టు ఎట్లా పెడతావు? తప్పుడు సమాచారం అవుతుంది."

ముందు వరసలో కూర్చున్న వాళ్ళు తలలాడించి రాసుకున్నారు. కొంగగారు చీమలకి కొత్త ఆజ్ఞ చెప్పారు. ఒక్క ఖాళీ గుంట ఉన్నా సరే, ఆ వరస మొత్తం తీసి పారేయమన్నారు. దీన్ని శుభ్రం చేయడం అంటారని, శుభ్రం చేయని లెక్క లెక్కే కాదని చెప్పారు.

నల్లక్క ఇంకా కూర్చోలేదు. తన వరసలో బతికున్న పిల్లలు ఐదుగురున్నారని, వాళ్ళలో ఇద్దరికి ఎర్రబొట్టు ఉందని, వాళ్ళేమవుతారని అడిగింది. వరసతో పాటు వాళ్ళూ పోతారన్నారు కొంగగారు.

"ఎక్కడికి పోతారయ్యా?"

అందరూ పగలబడి నవ్వారు. అప్పుడు కూర్చుంది.

శుభ్రం చేయడం అయిపోయేసరికి ఎర్రవాగులో అరవై రెండిళ్ళకి ఏడిళ్ళు మిగిలాయి. అవి కొండవాలు మీద ఉండే ఏడిళ్ళు. వాళ్ళు వాగునీళ్ళు తాగరు, రాతి సందులో ఊటనీళ్ళు తాగుతారు. ఏడిళ్ళలోనూ అన్నీ సున్నంబొట్లే. కోతి తల గోక్కుంటూ, సార్, యాభై ఐదిళ్ళు పోయినాయండీ అని గొణిగింది. కొంగగారు మిగిలినవాటి సంగతి చెప్పమన్నారు. మిగిలినవాటిలో జబ్బు లేదంది కోతి.

"అయితే నూటికి నూరు," అని కొంగగారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

కోతి తీసేసిన బెరళ్ళని పాక వెనకాల కుప్ప పోసింది. పారేయడానికి చేతులు రాలేదు, చూపించడానికి నోరు రాలేదు. ఉద్యోగం చేసే కోతి అంతకన్నా ఏం చేస్తుంది.

నివేదిక తయారైంది. రంగుల పువ్వుల పొడి అద్ది మూడు స్తంభాలు గీశారు. తేనెవాగు స్తంభం ఒక మాదిరి, రాళ్ళవాగుది అంతకన్నా కాస్త పొడుగు, ఎర్రవాగుది మాత్రం కాగితం దాటి పైకి పోయింది. అడవి మొత్తంలో పిల్లలకి అన్నింటికన్నా ఆరోగ్యమైన చోటు ఎర్రవాగు అని కింద రాశారు. ఎలుగుగారు ఒక కన్ను తెరిచి వేలిముద్ర వేశారు. పక్క అడవి వాళ్ళొచ్చి కొంగగారికి పూలదండ వేసి పోయారు.

ఆ వారంలో నల్లక్క పిల్లల్లో ఇంకొకడు పోయాడు.

అప్పటికి రాణిగారికి ఇద్దరు చంటిపిల్లలు. కాస్త పెద్దవాళ్ళయి నీళ్ళు తాగే ఈడు రాగానే రాజుగారు నివేదిక తెప్పించుకుని చూశారు. ఇంత మంచి చోటు పెట్టుకుని మనం ఈ గుహలో ఎందుకున్నామని అడిగారు. వాగులో పడేది తమ వంటసాల చెత్తే అని అక్కడున్న వాళ్ళలో కనీసం నలుగురికి తెలుసు. నలుగురూ పాదాల వైపు చూసుకున్నారు. రాజకుటుంబం సామాను ఎర్రవాగుకి బయల్దేరింది.

దారిలో నల్లక్క అడ్డం నిలబడింది. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ రాజుగారి ముందు నోరెత్తని ప్రాణి.

"అక్కడికి పోవద్దు ప్రభూ. ఆ నీళ్ళు మంచివి కావు."

రాజుగారు ఆ రోజు మంచి ఉషారులో ఉన్నారు కాబట్టి కోప్పడలేదు. నీ దగ్గర లెక్క ఉందా అని అడిగారు. ఆమె వీపు మీద కట్ట దింపి ఆ నెల కొత్తగా రాసిన బెరళ్ళు దారి పొడుగునా పరిచింది. రాజుగారు వంగి ఒక్కొక్కటే చూశారు.

"ఇన్ని గడుల్లో ఏమీ రాయలేదు గదా," అన్నారు.

వెనకనుంచి ఎలుగుగారు, ఆమె కొంచెం నిర్లక్ష్యం ప్రభూ, శిక్షణలో కూడా చెప్పాం అన్నారు. రాజుగారి పరివారం బెరళ్ళ మీదుగా నడిచిపోయింది.

పది రోజులకి రాజుగారి చిన్నపిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. పదకొండో రోజు పెద్దదానికి. పన్నెండో రోజు చిన్నది పోయింది.

పదమూడో రోజు నల్లక్క తన పని తాను చేసుకుంటూ రాజుగారి కొత్త ఇంటికి వెళ్ళింది. రాణిగారు బెరడు తీసుకున్నారు. పెద్దదాని గడిలో ఎర్రబొట్టు పెట్టారు. చిన్నదాని గడి దగ్గరికి వేలు వెళ్ళి ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి ఆచారం తెలిసిపోయింది. నల్లక్క తల వంచుకుని బెరడు అందుకుంది.

నెలాఖరు సభలో కొంగగారు కొత్త నివేదిక చదివారు. ఎర్రవాగులో ఈ నెల కూడా నూటికి నూరు. రాజుగారు చివరిదాకా విన్నారు.

"మా ఇల్లు ఎక్కడుంది ఇందులో?"

కొంగగారు వెతికారు. కోతి చెవిలో ఏదో చెప్పింది.

"శుభ్రం చేశామండి ప్రభూ."

సభలో చీమ కూడా కదల్లేదు. రాజుగారు ఎలుగుగారి వైపు చూశారు. ఎలుగుగారు కొంగగారి వైపు చూశారు. కొంగగారు చీమల వైపు చూశారు.

ఇంకా ఎన్నిళ్ళు శుభ్రం చేశారని రాజుగారు అడిగారు. కోతి వెళ్ళి పాక వెనక కుప్ప మొత్తం మోసుకొచ్చి సభ మధ్యలో దింపింది. రాజుగారు ఒక బెరడు తీశారు, ఇంకొకటి తీశారు. ఈసారి ఆయనకి చదవడం వచ్చింది.

రాజుగారు పంజా ఎత్తారు. కొంగగారు రెండో కాలు కూడా కింద పెట్టి గబగబా చెప్పారు. యంత్రం తప్పు లేదు ప్రభూ, ఆజ్ఞ తప్పు లేదు, ఖాళీలు వదిలినవాళ్ళది తప్పు. ఎలుగుగారు అవునవునని తల ఊపారు. నిజమే గదా అని సభ అంది. పంజా అట్లాగే గాల్లో కాసేపు ఆగి కిందికి దిగింది.

మధ్యాహ్నం లోపల ఎర్రవాగుకి ముళ్ళకంప పడింది. తేనెవాగు అందరికీ తెరిచారు. యాభై ఐదిళ్ళ పిల్లలు పోయినా దొరకని ఆజ్ఞ ఒక రాజుగారి పిల్లకి పూటలో దొరికింది. వంటసాల చెత్తని ఇకమీదట రాళ్ళవాగులో వేయాలని కూడా నిర్ణయించారు, నివేదిక ప్రకారం అక్కడ జబ్బులు తక్కువ కాబట్టి.

నల్లక్కకి అప్పటికి ఇంకో ఇద్దరు పోయి ఇద్దరే మిగిలారు. వాళ్ళని తీసుకుని తేనెవాగుకి వెళ్ళి కడుపునిండా తాగించింది. తిరిగొచ్చేసరికి ఆమెకి తాఖీదు వచ్చి ఉంది. విధి నిర్వహణలో ఖాళీలు వదిలినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఖాళీలు వదలకుండా రాయడం ఎట్లాగో కొంగగారు మళ్ళీ మూడు రోజుల శిక్షణ ఇస్తారట. హాజరు తప్పనిసరి.

నీతి: చచ్చేవాళ్ళు చావొచ్చు గాని, గడి నింపకుండా చావకూడదు.

కథ అక్కడితో అయిపోయింది. మర్నాడు పొద్దున శిక్షణ ఆఖరి రోజు. తెర మీద సున్నా కేసులని చూపించిన మా కాలనీ కుళాయి నీళ్ళు బిందెతో పట్టుకుపోయి, గ్లాసుల్లో పోసి, సార్ల ముందు వరసగా పెట్టాను. ఎక్కడి నీళ్ళమ్మా అని ఒకాయన అడిగారు. చెప్పాను. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు.