దుముకు కాడ రూఫ్ టెస్టు

ఆదివారం తెల్లవారుజామునే ఎల్లేశం తలకు నూనె పెట్టుకుని, కర్ర చేతబట్టుకుని క్వార్టరు గుమ్మంలో నిలబడ్డాడు. అతను బొగ్గుబాయిలో సర్దారు. కార్మికులకంటే ముందు లోపలికి వెళ్లి పైకప్పును కర్రతో తట్టి చూడడం అతని పని. గట్టి చప్పుడొస్తే పని సాగుతుంది, దొల్ల చప్పుడొస్తే పని బంద్. బాయిలో పైకప్పును రూఫ్ అంటారు. తట్టీ తట్టీ అతనికి అదొక రోగమైంది. అత్తగారింటికి పోయినా ముందు దూలాలు తట్టి చూసిగానీ పీట మీద కూర్చోడు. మామగారు దీన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

"గా కట్టె ఎందుకు? ఇయ్యాల ప్లేడే గదా" అన్నది భార్య సారలమ్మ, సద్దిమూట కడుతూ.

"చేతుల లేకుంటే నడక రాదు నాకు."

వారపు సెలవును బాయి వాళ్లు ప్లేడే అంటారు. ఈ ప్లేడే కోసం సారలమ్మ ఆరేళ్లు చూసింది. గోదావరిఖనికి కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమెకు దక్కిన నీళ్లు వీధి నల్లా దగ్గర రెండు బిందెలే, అవి కూడా ఎవరి జుట్టో పట్టుకుంటేనే. కమాన్‌పూర్ అవతల ఎర్రగుట్ట మీద దుముకు ఉందని, వానాకాలం నీళ్లు తాటిచెట్టంత ఎత్తు నుంచి పడతాయని విన్నది. వాటికింద ఒక్కసారి నిలబడాలని ఆశపడింది. ఆరు వానాకాలాలు ఎల్లేశం "వచ్చే ప్లేడే" అంటూ గడిపాడు. ఈసారి ఆమె ముందే బట్టలు సర్దిపెట్టుకుంది.

"ఇంటున్నవా? ఇయ్యాల నీళ్ల కింద నిలవడకపోతే రేపు పొద్దుగాల బస్సుకు మా అవ్వగారింటికి పోత. మళ్ల తోల్కపోను రాకు."

పెళ్లాం లేని క్వార్టరులో వారం రోజులు వండుకుని తిన్న అనుభవం అతనికి ఒకటుంది. అందుకే పక్క క్వార్టరు మహబూబ్‌ను, అతని భార్య మహబూబీని కూడా బతిమాలి వెంటబెట్టుకున్నాడు. గుట్ట కింద దాకా లారీలో వెళ్లి, అక్కడి నుంచి టేకుచెట్ల మధ్య రెండు గంటలు నడిచారు. దారిలో సర్దారు తట్టని బండ లేదు.

పైకి చేరేసరికి కాలనీ సగం అక్కడే ఉంది. నీళ్లు తెల్లగా, ధనధనమని పడుతున్నాయి. నీళ్ల వెనక గొడుగులా ముందుకు వంగిన పెద్ద బండ. సారలమ్మ కొంగు బిగించింది.

"ఆగు" అన్నాడు ఎల్లేశం. పక్కనుంచి వెళ్లి బండను తట్టాడు. చెవి ఆనించి మళ్లీ తట్టాడు. అంత మోతలో ఏం వినబడిందో ఆ దేవుడికే తెలియాలి.

"దొల్ల ఉన్నది. ఎవలూ లోపటికి పోవద్దు."

రెండు కట్టెలు విరిచి ఇంటూ మార్కులా కట్టి దారిలో పాతాడు. బాయిలో ఆ గుర్తు కనిపిస్తే మేనేజరు కూడా దాటడు. మొగవాళ్లంతా చల్లగా వెనక్కి జరిగి బండల మీద కూర్చున్నారు. తర్వాత వచ్చినవాళ్లు గుర్తు చూసి, కారణం అడగకుండానే వాళ్ల పక్కన చేరారు.

"నువ్వు మనిషివేనా?" అన్నది సారలమ్మ. "ఆరేండ్లకు తోల్కచ్చి, గిప్పుడు కట్టెలు నాటుతవా?"

"పానం కంటె ఎక్కువనా నీళ్లు?"

ఆమె మహబూబీ చెయ్యి పట్టుకుని చెట్ల వెనక్కి నడిచింది. ఎల్లేశానికి ఆ నడక దొల్ల బండకన్నా ఎక్కువ భయం పుట్టించింది.

అంతలో గుట్ట కింద సైకిలు పెట్టి దుముకు చూడటానికి వచ్చిన కమాన్‌పూర్ రాజం, బండల మీద వరుసగా కూర్చున్న మొగవాళ్లను చూసి, "ఏమైంది?" అని మహబూబ్‌ను అడిగాడు.

"రూఫ్ ఖరాబున్నది. సర్దార్ బంద్ వెట్టిండు."

నీళ్ల మోతలో రాజానికి సగం వినబడింది. గుట్ట దిగి, కమాన్‌పూర్ చాయ్ హోటల్లో మిగతా సగం తనే కలిపాడు. "రూఫ్ పడ్డది. సర్దార్ లోపట బందయిండు." చాయ్ తాగుతున్నవాడు దాన్ని కాలనీకి మోసుకెళ్లాడు. అక్కడికి చేరేసరికి లోపల పదిమంది ఉన్నారు. ఏ బాయి అని, ఇవాళ ప్లేడే కదా అని ఎవరూ అడగలేదు, రూఫ్ అన్నాక బాయి కాక ఏముంటుంది? సైరన్ మోగింది. ఆఫీసు ముందు సగం ఊరు చేరి ఏడ్వసాగింది. ఎల్లేశం ఎక్కడికి పోయాడో తెలిసిన లారీ డ్రైవరు దొరికేదాకా ఒక బాయంతా గాలించారు.

మధ్యాహ్నం మూడింటికి రెస్క్యూ వాళ్లు టోపీలు, స్ట్రెచర్లు మోసుకుంటూ గుట్టెక్కారు. వెనక మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

"లోపల ఎంతమంది ఎల్లేశం?"

"లోపట ఎవలుంటరు సార్? నేను బంద్ వెట్టిన" అంటూ ఎల్లేశం గర్వంగా అటు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు.

మొగవాళ్లంతా నీళ్లకు వీపు పెట్టి గుర్తుకు కాపలా కాస్తుంటే, ఆడవాళ్లంతా అవతలి గట్టు నుంచి నీళ్లలోకి దిగారు. బాయిలో పనిచెయ్యని వాళ్లకు ఆ గుర్తు రెండు ఎండుకట్టెలు మాత్రమే. పదకొండు మంది. అందరి మధ్యలో, సరిగ్గా ధార కింద, సారలమ్మ కళ్లు మూసుకుని నిలబడి ఉంది. మహబూబీ ఆమె చెయ్యి పట్టుకుని పకపకా నవ్వుతోంది.

"సారలా! బయటికి రా" అని అరిచాడు ఎల్లేశం.

ఆమె కళ్లు తెరవలేదు. "రాను. కావాలంటె నువ్వే రా."

రెస్క్యూ వాళ్లు మేనేజరు వైపు చూశారు. మేనేజరు సర్దారు వైపు చూశాడు. గుర్తు పెట్టినవాడే దాటాలి, అది రూలు. ఎల్లేశం కర్ర ఊతంగా నాచు మీద రెండడుగులు వేశాడు. మూడోది అతను వేసింది కాదు. జర్రున జారి, వెల్లకిలా సారలమ్మ కాళ్ల దగ్గరికి చేరాడు.

"మెల్లగ రావద్దా?" అన్నది ఆమె. అతని తల ఒళ్లో పెట్టుకుని, ధార కిందే కూర్చుంది. మడమ బెణికి ప్రాణం పోతున్నా, ఎల్లేశం కూడా కళ్లు మూసుకున్నాడు. నీళ్లు నిజంగానే బాగున్నాయి.

"పోతవా రేపు?" అని గొణిగాడు.

"నిన్ను గిట్ల ఇడిచిపెట్టి యాడికి పోత?"

అంతమంది వచ్చినందుకు రెస్క్యూ వాళ్లకు ఒక్క స్ట్రెచరైనా నిండింది. నలుగురు ఎల్లేశాన్ని మోసుకుంటూ గుట్ట దిగారు. సారలమ్మ తడిజుట్టు విదిలించుకుంటూ, తీరిగ్గా వెనక నడిచింది.

ప్లేడే నాడు అనుమతి లేకుండా డ్యూటీ చేశావని సోమవారం ఎల్లేశానికి చార్జిషీటు వచ్చింది, సారలమ్మకు జలుబు వచ్చింది. ఆ ఇంట్లో సంతోషంగా ఉన్నది తుమ్ముతున్న మనిషే.