హమ్మయ్య అనరాదు

గోదావరి ఒడ్డున ఉన్న పెద్ద గుండె ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన రోగులకు కావలసిన గాలి, వరండాలో కూర్చున్న వాళ్ళ తాలూకు మనుషులు బిగబట్టిన ఊపిరి నుంచి వస్తుంది. ఈ ఏర్పాటు మొదలై పదకొండేళ్ళయింది. గోడకు అటువైపు రోగి మంచం, ఇటువైపు చెక్క బెంచీ ఉంటాయి. బెంచీ మీద కూర్చున్నవారి నడుముకు వెడల్పాటి గుడ్డ పట్టీ కడతారు. పట్టీ నుంచి సన్నటి గొట్టం ఒకటి గోడ కన్నం గుండా లోపలికి వెళ్ళి, రోగి ముక్కూ నోరూ మూసి ఉంచే మాస్కుకు కలుస్తుంది. బయటి మనిషి భయంతో ఊపిరి బిగబడితే లోపలి మనిషి ఛాతీ పైకి లేస్తుంది. రోగి గొంతులోకి గొట్టం దించే పని లేదు. తాలూకు మనుషులకు కూడా ఏ కోతా లేదు, కుట్టూ లేదు. భయపడితే చాలు.

అంతకుముందు ఈ ఊపిరంతా వృథాగా పోయేది. అప్పటి సూపరింటెండెంటు గారు ఒకరోజు రౌండ్లకు వెళుతూ, వరండాలో నలభై మంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం గమనించారు. ఇంత సరుకు ఎవరికీ అక్కరకు రాకుండా పోతోందే అని బాధపడి పైవాళ్ళకు ఉత్తరం రాశారు. కమిటీ వచ్చింది. క్రికెట్ ఆఖరి ఓవరు చూసేవాళ్ళ ఊపిరి పరీక్షించి, దానికి నిలకడ లేదంది. పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లల ఊపిరి మరీ గాలివాటంగా ఉందని రాసింది. చివరికి ఆసుపత్రి వరండాదే నికరమైన ఊపిరి అని తేల్చింది. అందులోనూ స్నేహితుడిది రెండు పాయింట్లు, అన్నదమ్ములది నాలుగు, కొడుకుది ఐదు. భర్తది ఆరు, అదీ మొదటి రోజు మాత్రమే. తల్లిది తొమ్మిది. భార్యది పది, ఒక్కోసారి ఆపైన. ఇలా ఎందుకుంటుందో కమిటీ చెప్పలేదు. ఫైలు మార్జినులో మాత్రం ఎవరో ‘వివరణ అనవసరం’ అని రాసి సంతకం పెట్టారు.

చిక్కల్లా ఒక్కటే. మంచి కబురు చెవిన పడితే మనుషులు ఊపిరి వదిలేస్తారు. అందువల్ల డాక్టర్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించారు. ‘ఎలా ఉన్నారండీ’ అని ఎవరైనా అడిగితే ‘చూద్దాం’ అనాలి. ‘డెబ్బై రెండు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం’ అంటే బెంచీ పైన గోడకున్న ఊపిరి మీటరు ముల్లు రెండు పాయింట్లు పెరుగుతుంది. ఏమీ అనకుండా, మొహంలోకి చూడకుండా గబగబా నడిచి వెళ్ళిపోతే మూడు పెరుగుతుంది. వరండా గోడ మీద ఎర్ర రంగుతో బోర్డు కూడా రాయించారు: ‘ఇచట ఉమ్మివేయరాదు. హమ్మయ్య అనరాదు.’

ఆ వరండాకు ఒక బుధవారం పొద్దున్న దంగేటి భూలక్ష్మి వచ్చింది. ఆమె భర్త సూర్యచక్రం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. యాభై ఆరేళ్ళ మనిషి. గుండెకు వెళ్ళే నాళాలు మూడు పూడుకుపోతే, కాలి నుంచి నరం తీసి గుండెకు అతికించారు. ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే ఊపిరి ఆడించే పెద్ద యంత్రం తీసేశాక ఆయన ఊపిరితిత్తులు వాటంతట అవి పూర్తిగా విచ్చుకోవడం లేదు. అయిదు రోజులు మాస్కు పెట్టాలన్నారు.

ఊపిరి విభాగం గుమస్తా తాతాజీ ఆమెను కూర్చోబెట్టి ఫారం తీశాడు.

“పదకొండో నంబరు మంచం తాలూకు మీరేనా అమ్మా?”

“నేనేనండి.”

“ఊపిరి బిగబట్టడంలో ముందు అనుభవం ఏదైనా ఉందాండీ?”

“ఉందండి.”

“ఎన్నాళ్ళు?”

“పెళ్ళైన కాణ్ణించీ అండి. ఇరవై తొమ్మిదేళ్ళు.”

“ఎక్కడ చేశారండి?”

“ఇంట్లోనేనండి. ఆయన చెప్పుల చప్పుడు వీధి గుమ్మంలో వినపడుద్ది కదండీ, అప్పుడు.”

తాతాజీ ‘ఇరవై తొమ్మిదేళ్ళు, స్వగృహం’ అని రాసుకున్నాడు. అతనికి ఇందులో వింతేమీ కనిపించలేదు. రోజుకు అరడజను మందైనా ఇదే జవాబు చెబుతారు.

సూర్యచక్రం చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. బళ్ళో ఆరువందల మంది పిల్లల్ని ఒక్క విజిల్‌తో నిలబెట్టే మనిషి కాబట్టి, ఇంట్లో కూడా అదే విజిల్ మెళ్ళో వేసుకు తిరుగుతాడు. మంచినీళ్ళకు ఒకసారి, కాఫీకి రెండుసార్లు, కోపం వస్తే గుక్క తిప్పుకోకుండా ఊదుతాడు. కూర ఎలా ఉందో ఆయన చెప్పేదాకా భూలక్ష్మి స్తంభం పక్కన ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అది భయమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పద్ధతి అనుకుంది.

పట్టీ కట్టగానే ముల్లు పన్నెండు చూపించింది. డాక్టరు గారు స్వయంగా వచ్చి చూసి, మంచి కేసు అన్నారు. ఆమెకు జాగ్రత్తలు చెప్పారు. ముల్లు ఆరు కంటే కిందికి దిగి పది నిమిషాలుంటే మాస్కు సరిపోదు, మళ్ళీ గొంతులోకి గొట్టం దించాలి, ఈసారి దించితే తియ్యడం కష్టం. ఇది బెదిరింపు కాదు, నిజమే. భూలక్ష్మి రెండు చేతులా పట్టీ పట్టుకుంది. ముల్లు పదమూడుకి ఎక్కింది.

“మనం ఏం చెయ్యాలండీ?” అని అడిగింది.

“ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. ఇలాగే ఉండండి,” అన్నారు డాక్టరు గారు.

ఆమె అలాగే ఉంది. ఇడ్లీ తింటున్నా అలాగే ఉంది, కునికిపాటు పడుతున్నా అలాగే ఉంది. మొదటి రోజు మధ్యాహ్నం ఆమె అన్నానికి లేస్తే మాస్టారి చెల్లెలు సుభద్ర బదులు కూర్చుంది. సుభద్రకు అన్న మీద ప్రేమ లేక కాదు గానీ, ఆవిడ పక్క బెంచీ వాళ్ళతో కబుర్లాడుతుంది. ముల్లు మూడు దగ్గర కొట్టుకుంది. తొమ్మిదో నిమిషంలో ఎవరో కేకేస్తే భూలక్ష్మి చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చింది. రెండో రోజు నుంచి అన్నానికి లేవడం మానేసింది. గోడకు చెవి ఆనిస్తే అవతల మాస్టారి ఛాతీ లేచి పడే చప్పుడు వినిపించేది. తను బిగబట్టినప్పుడల్లా అది లేస్తుంది. ఆ మనిషి తన భయం మీదే బతికి ఉన్నాడని తెలిశాక ఆమెకు భయపడటానికి మరో కారణం దొరికింది.

మూడో రోజు పదింటికి పొరపాటు జరిగింది. వార్డు సిస్టర్ పరంజ్యోతి పదకొండేళ్ళ సర్వీసులో ఎవరికీ ఒక్క మంచి మాట చెప్పి ఎరగదు. ఆ రోజు పనిలో పడి, తలుపు కొద్దిగా తెరిచి చెయ్యి చాపింది.

“అమ్మా, ఫ్లాస్కు ఇలా ఇవ్వండి. మాస్టారు కాఫీ అడుగుతున్నారు.”

గోదావరి వైపు జనానికి మనిషి కాఫీ అడిగాడంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. గండం గడిచినట్టే.

“హమ్మయ్య,” అంది భూలక్ష్మి.

ఊపిరి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొత్తది లోపలికి వచ్చింది. ఎక్కడా అడ్డం లేకుండా కడుపుదాకా దిగింది. తనలో అంత లోతు ఉందని ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళుగా తెలియదు. డెట్టాలు వాసన తెలిసింది. కిటికీ అవతల వేపచెట్టు కింద ఎవరో జామకాయలు అమ్ముతున్నారని తెలిసింది. భుజాలు కిందికి దిగాయి. చాలా హాయిగా ఉంది. ఆమె మరోసారి గాలి పీల్చింది, అందులో ఎవరి కోసమూ ఏమీ లేదు.

లోపల గంట మోగింది. ముల్లు మూడు మీద ఉంది.

తాతాజీ రిజిస్టరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. డాక్టరు గారు వచ్చి ‘చూద్దాం’ అన్నారు. ముల్లు కదల్లేదు. ఆయన డెబ్బై రెండు గంటల మాట చెప్పారు. మొహం చూడకుండా ఆమె ముందు నుంచి రెండుసార్లు గబగబా నడిచి వెళ్ళారు. లాభం లేకపోయింది. సుభద్రను కూర్చోబెడదామంటే ఆవిడ కాఫీ తేవడానికి కిందికి వెళ్ళింది. పరంజ్యోతి తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడింది.

“భయపడండమ్మా! ఆయాసపడిపోతున్నారు మాస్టారు!” అన్నాడు తాతాజీ.

“పడతన్నానండి, రావట్లేదండి,” అంది భూలక్ష్మి. ఆమె నిజంగానే ప్రయత్నిస్తోంది. ఆయన పోతాడని తెలుసు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. దుఃఖం బోలెడంత వస్తోంది గానీ ఊపిరి బిగుసుకోవడం లేదు. దుఃఖం గొట్టంలోకి ఎక్కదు. ఏడుపుకి ఊపిరి కావాలి కదా.

తాతాజీ రూలు ప్రకారం ప్రశ్నలు చదివాడు. ఇంట్లో గ్యాస్ కట్టేశారా? కట్టేశానండి. తాళం వేశారా? వేశానండి. అయిదు నిమిషాలు గడిచాయి. ఆరు గడిచాయి. లోపల గొంతులోకి దించే గొట్టం ట్రేలో సిద్ధం చేసిన చప్పుడు వినిపించింది. ముల్లు రెండుకి దిగింది.

ఎనిమిదో నిమిషంలో సూర్యచక్రం తన మాస్కు తనే పక్కకి లాగేశాడు. ఉన్న కాస్త గాలినీ కూడగట్టుకుని గోడవైపు తిరిగాడు.

“ఒసేయ్! ఎక్కడ చచ్చావే?”

గొంతు పీలగా ఉంది, సగం మాట గాలికే పోయింది. అయినా వరస అదే.

భూలక్ష్మి లేచి నిలబడింది. భుజాలు పైకి లేచాయి. ఊపిరి గొంతు దగ్గర, ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. ముల్లు పద్నాలుగు దాటింది. పరంజ్యోతి పరుగున వెళ్ళి మాస్కు సరిచేసింది. అవతల ఛాతీ లేచిన చప్పుడు గోడలోంచి వినిపించింది.

తన వల్లే ఆయన బతికాడని భూలక్ష్మికి చాలా సంతోషమేసింది. అంత సంతోషంలోనూ ఊపిరి వదల్లేదు. జామకాయల మనిషి ఇంకా చెట్టు కిందే ఉన్నాడో లేదో మాత్రం ఆమె మళ్ళీ చూడలేదు.

డాక్టరు గారు ఈ సంగతిని కేసు షీటులో ఎక్కించారు. రోజుకు మూడుసార్లు, ఆహారం తర్వాత, రోగి తన భార్యను ఒకసారి కేకలేయవలెను. సూర్యచక్రం వేళ తప్పకుండా పాటించాడు. మిగతా మంచాలవాళ్ళకు కూడా ఈ వైద్యం మొదలుపెట్టారు. చాలామందికి నేర్పాల్సిన అవసరం రాలేదు. నాలుగో మంచం ఆయన ఒక్కడే తన భార్యను ఏమనాలో తెలియక తికమకపడ్డాడు. ఆయన మరో వారం ఉండాల్సి వచ్చింది.

అయిదో రోజు సాయంత్రం మాస్టారి ఊపిరితిత్తులకు పరీక్ష పెట్టారు. మామూలుగా గాలి పీల్చి ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులు పైకి లేపమంటారు. ఆయన తన విజిల్ అడిగి తెప్పించుకున్నాడు. ఛాతీకి దిండు అదుముకుని, గుండె నిండా గాలి పీల్చి ఊదాడు. వార్డంతా దద్దరిల్లింది. వరండాలో భూలక్ష్మితో పాటు ఇంకా పదిమంది ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయని రాసి, మాస్కు తీసేశారు.

మరుసటి వారం ఇంటికి పంపేటప్పుడు భూలక్ష్మి పట్టీ అప్పగించడానికి తాతాజీ గదికి వెళ్ళింది. అతను పట్టీ మడతపెట్టి, ఫారం చివరి గడి చూపించాడు: ‘తాలూకు వారు ఊపిరి వదిలిన తేదీ’.

“ఇక్కడ బోర్డు వర్తించదమ్మా. తలుపు వేసేస్తాను. ఒక్కసారి హమ్మయ్య అనేసి సంతకం పెట్టండి.”

భూలక్ష్మి నోరు తెరిచింది. ఆ మాట మొన్న దానంతటదే వచ్చింది. ఎలా అందో గుర్తు తెచ్చుకోబోయింది. ‘హ’ దాకా వచ్చింది. బయట, మెట్ల దగ్గర ఆగిన ఆటోలోంచి విజిల్ మోగింది. ఆమె నోరు మూసుకుంది.

“తర్వాత వచ్చి అంటానండి. పిలుత్తన్నారు.”

“పర్లేదమ్మా. ఆ గడి ఖాళీగా వదిలేసినా చెల్లుద్దని జీవో ఉంది,” అన్నాడు తాతాజీ. ఆమె ఫారాన్ని వెనక ఉన్న బీరువాలో పెట్టాడు. పదకొండేళ్ళ ఫారాలు అందులో వరసగా ఉన్నాయి. మగవాళ్ళవి అన్నీ నింపి ఉన్నాయి. ఆడవాళ్ళవి నింపినవి చాలా తక్కువ.

విజిల్ రెండోసారి మోగింది. భూలక్ష్మి కొంగు సర్దుకుని వరండా వెంట గబగబా నడిచింది. తాతాజీ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె నడుముకు పట్టీ లేదు, గొట్టం లేదు. అయినా ఆమె ఏ బెంచీ పక్కనుంచి వెళితే ఆ బెంచీ పైన ఉన్న మీటరు ముల్లు పద్నాలుగుకి లేచి, ఆమె దాటాక దిగింది.

మీటర్లన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయని తాతాజీ రిజిస్టరులో రాసుకున్నాడు.