నెమలిగారి సినిమా, గిజిగాడి గడ్డి దుప్పటి

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడం ఆచారం గానీ, ఉన్నమాట చెప్పుకోవాలంటే ఇది అంత పెద్ద అడవేం కాదు. పొద్దున్నే బయల్దేరిన తాబేలు చీకటిపడేలోపు దాటేయగలదు. గొప్పలు మాత్రం పెద్ద అడవికి సరిపడా ఉండేవి.

ఆ అడవిలో వాగు ఒడ్డున, ఈతచెట్టు మీద పైడయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గిజిగాళ్ళలో అల్లికపని మగవాళ్ళది. మగవాడు గడ్డిపోచలు తెచ్చి సగం గూడు అల్లి కొమ్మకి వేలాడదీస్తాడు. ఆడపిట్ట వచ్చి, లోపల దూరి, ముక్కుతో పోచలు పట్టుకుని లాగి చూస్తుంది. ఊడిరాకపోతే సరే అంటుంది. అప్పుడు మిగతా సగం అల్లుతాడు. ఊడొస్తే మారుమాట లేకుండా పక్కచెట్టుకి పోతుంది.

పోయినేడు పైడయ్య రెండు గూళ్ళు అల్లాడు. ఒకదానికి కొమ్మ నచ్చలేదన్నారు, ఇంకోదానికి పొరుగు నచ్చలేదన్నారు. రెండూ ఖాళీగానే ఉండిపోయాయి. ఈ ఏడు నూకాలు అనే పిట్ట వచ్చింది. వరసగా పదకొండు పోచలు లాగింది. ఒక్కటీ కదల్లేదు.

"బానే ఉంది. మొదటి వానలోపు పూర్తి చెయ్యి, వస్తాను," అని చెప్పి వెళ్ళింది. ఆ రోజు నుంచి పైడయ్యకి తిండి మీద ధ్యాస లేదు, నిద్ర మీద అంతకన్నా లేదు.

గూళ్ళే కాదు, వానాకాలంలో జంతువులు కప్పుకునే గడ్డి దుప్పట్లు కూడా అతనే అల్లేవాడు. చూడ్డానికి ఏమంత బాగుండేవి కావు. కానీ వాటి మీద పడ్డ చుక్క పడ్డట్టే జారిపోయేది. అమ్మేది మాత్రం నీలకంఠరావు అనే నెమలి. గుట్ట మీద ఆయనకో కొట్టు ఉంది. పైడయ్య అల్లి ఇస్తే ఆయన అమ్ముకునేవాడు, కొన్నవాళ్ళు "నెమలిగారి దుప్పటి" అని చెప్పుకునేవాళ్ళు. అల్లినవాడెవడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ వేసవిలో నీలకంఠరావు పట్నం దగ్గర మామిడితోటలో నెల్లాళ్ళు ఉండి వచ్చాడు. వస్తూ వస్తూ జ్ఞానం తెచ్చుకున్నాడు.

"పైడయ్యా, ఇప్పుడెవరూ బట్టలు అమ్మట్లేదయ్యా. పొట్టి సినిమాలు తీస్తున్నారు. అవి చూసి వాళ్ళంతట వాళ్ళే వచ్చి కొనేస్తున్నారు. మన కొట్టు పేరు ఇవాళ్టి నుంచి కలాపి, అంటే సంస్కృతంలో నెమలే. ఇవి దుప్పట్లు కావు, కలెక్షను."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"నీ పని నువ్వు చెయ్యి. నీ పనితనం అడవంతా తెర మీద చూస్తుంది."

పైడయ్యకి అడవంతా చూడక్కర్లేదు. నూకాలు ఒక్కతె చూస్తే చాలు. అందుకే తలూపాడు.

డైరెక్టరుగా ధ్యానమూర్తి అనే కొంగ వచ్చాడు. ఒంటికాలి మీద పూటంతా కదలకుండా నిలబడగలడని ఆయనకి పెద్ద పేరు. ఆయన తీసే షాట్లు కూడా అంతసేపూ ఉంటాయి. కథానాయిక హరిణి అనే జింక. వాన కురిపించడానికి ఒక ఏనుగుని పెట్టారు.

మొదటిరోజే పేచీ వచ్చింది. హరిణి దుప్పటి కప్పుకుని గెంతింది. దుప్పటి బుద్ధిగా ఒంటిని అంటిపెట్టుకుని ఉంది.

కొంగ కళ్ళు మూసుకున్నాడు. "బరువు. చాలా బరువు. ఇది గాలిలో తేలాలి. ఆ పిల్ల గెంతినప్పుడు దుప్పటి ఒక క్షణం ఆలస్యంగా కిందికి దిగాలి."

"తేలాలంటే వదులుగా అల్లాలి బాబుగారూ. వదులుగా అల్లితే నీళ్ళు లోపలికొస్తాయి," అన్నాడు పైడయ్య.

"సినిమాలో నీళ్ళు లోపలికి రావడం కనపడదు కదయ్యా," అన్నాడు నీలకంఠరావు.

నిజంగానే కనపడదు మరి. రెండు పోచలు వేసేచోట ఒకటి వేశాడు, మూడు ముళ్ళు బిగించేచోట ఒక ముడితో సరిపెట్టాడు. దుప్పటి తేలింది. అందరూ ఆహా అన్నారు. "మిగతా దుప్పట్లన్నీ ఇలాగే కానివ్వు," అన్నాడు నీలకంఠరావు.

సినిమా తయారైంది. అందులో కథ ఏమిటంటే, ఒక జింక వాగు దగ్గరికి వస్తుంది. నీళ్ళకేసి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. ఒక ఆకు రాలుతుంది. జింకకి వాళ్ళమ్మ గుర్తొస్తుంది. వాన మొదలవుతుంది. జింక గెంతుతుంది, ఏదో పచ్చటిది రెప్పపాటు తేలుతుంది. తెర మీద అక్షరాలు పడతాయి: "కలాపి. నీలోని వాన."

"దుప్పటి సరిగ్గా కనపడనే లేదండీ," అన్నాడు పైడయ్య.

"చూపిస్తే అది ప్రకటన. చూపించకపోతే కళ," అన్నాడు కొంగ జాలిగా.

చివర్లో పేర్లు వేశారు. కొంగ పేరు, జింక పేరు, నీళ్ళు చిమ్మిన ఏనుగు పేరు, రాలిన ఆకు ఏ చెట్టుదో ఆ చెట్టు పేరు కూడా వేశారు. పైడయ్య తన పేరు కోసం తెర ఖాళీ అయ్యేదాకా కూర్చుని, రెక్కలు దులుపుకుని లేచాడు.

ఇంకేముంది, అడవి అడవంతా ఆ సినిమా మీద విరుచుకుపడింది. గుహలో తెరకట్టి పగలల్లా ఆడించారు. అడవిపంది వెక్కి వెక్కి ఏడ్చింది. ముంగిస మూడుసార్లు చూసి, మూడోసారి అర్థమైందని చెప్పుకుంది. ఏం అర్థమైందని ఎవరూ అడగలేదు, అడిగితే తమకి అర్థం కాలేదని బయటపడుతుందని భయం.

కొట్టు ముందు వరసలు కట్టారు. మంగాయమ్మ అనే మేక తన ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చింది. మేకకి వానంటే ఎంత భయమో చెప్పక్కర్లేదు. దుప్పటి పట్టుకుని లాగి చూడబోయింది.

"అమ్మా, మీరు సినిమా చూడలేదా?" అన్నాడు నీలకంఠరావు మెత్తగా.

వరసలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు చూశారు. మంగాయమ్మకి సిగ్గేసి, నాలుగు దుప్పట్లు తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఇటు పైడయ్య తన గూడు మాత్రం పాత పద్ధతిలోనే, మూడేసి ముళ్ళతో బిగించి పూర్తిచేశాడు. నూకాలు వచ్చింది. చుట్టూ ఎగిరి చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇదేంటయ్యా, బిర్రబిగుసుకుని మూటలా ఉంది? సినిమాలో చూశాను, ఆ అల్లిక గాలికి ఎంత బాగా తేలిందో! అది అల్లింది నువ్వేనటగా? ఊళ్ళోవాళ్ళ కోసం అంత అందంగా అల్లి, నా దగ్గరికొచ్చేసరికి ఇదా?"

అసలు సంగతి పైడయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అల్లిక కారుతుందని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ నూకాలు కళ్ళు అప్పటికే పక్కచెట్టు మీద వేలాడుతున్న గూళ్ళ వైపు తిరుగుతున్నాయి. పోయినేడు ఖాళీగా ఊగిన రెండు గూళ్ళూ గుర్తొచ్చి ఆ ముక్క మింగేశాడు.

"రెండ్రోజులు ఆగు. విప్పేసి మళ్ళీ అల్లుతాను," అన్నాడు.

అల్లాడు. కొత్త గూడు గాలికి ఎంత హొయలుగా ఊగిందంటే, చుట్టుపక్కల చెట్ల పిట్టలు వచ్చి చూసిపోయాయి. నూకాలు వచ్చింది. ఈసారి ఒక్క పోచ కూడా లాగలేదు.

"లాగి చూడవా?" అన్నాడు పైడయ్య.

"సినిమాలో చూశాను కదా," అంటూ నవ్వి లోపలికెళ్ళింది. వారం తిరక్కుండా మూడు గుడ్లు పెట్టింది. పైడయ్యకి ఒకపక్క సంతోషం, ఇంకోపక్క భయం. రోజూ పొద్దున లేచి మబ్బు ఎటువైపు ఉందో చూసుకునేవాడు.

సినిమాకి వంద ఆటలు పూర్తయ్యాయని నీలకంఠరావు గుట్ట కింద మైదానంలో సభ పెట్టాడు. అందరూ కలాపి దుప్పట్లు కప్పుకుని రావాలన్నాడు. మధ్యాహ్నం అందరూ వచ్చారు. పైడయ్యని వెనక కొమ్మ మీద కూర్చోమన్నారు. నీలకంఠరావు తోక మీద కూడా పెద్ద దుప్పటి కప్పుకుని, చివర్లో దాన్ని తొలగించి పింఛం విప్పి ఆడతానని ముందే చెప్పి ఉంచాడు.

కొంగ మైకు ముందుకొచ్చి "నీలోని వాన" అనగానే చినుకు పడింది.

సభంతా చప్పట్లు కొట్టింది. ఏర్పాటు అదిరిందన్నారు. చినుకు జల్లయింది, జల్లు కుండపోత అయింది. ముంగిస తడిసి ముద్దై, "ఇది అసలైన అనుభవం," అంది. దుప్పట్లు కారుతున్నాయని అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా పక్కవాడిది కారట్లేదేమోనన్న అనుమానంతో ఎవరూ నోరు మెదపలేదు.

చివరికి మంగాయమ్మ చిన్నపిల్ల తుమ్మింది. మంగాయమ్మ లేచి నిలబడి, దుప్పటి తీసి పిండింది. బొళబొళా నీళ్ళు కారాయి. "నాలోని వాన సంగతి తర్వాత చూద్దాం. నా పిల్ల తడిసిపోతోంది," అంది.

అంతే, మైదానంలో గోల లేచింది. నీలకంఠరావు సర్దిచెప్పడానికి పింఛం విప్పబోయాడు. నానిన తోక బరువుకి లేవలేదు, పైగా అదే తనని వెనక్కి లాగేసరికి బురదలో చతికిలబడ్డాడు. కొంగ మాత్రం ఒంటికాలి మీద కదలకుండా అదంతా తీస్తూనే ఉన్నాడు.

పైడయ్య అప్పటికే ఈతచెట్టు వైపు ఎగిరాడు. వెనక నుంచి మైకులో నెమలి గొంతు వినిపించింది. "లోపం మా కలాపిది కాదు. అల్లినవాడు పైడయ్య. వాగు ఒడ్డున ఈతచెట్టు మీద ఉంటాడు. పైడయ్యనే అడగండి. పైడయ్యదే బాధ్యత."

తన పేరు మూడుసార్లు వినిపించేసరికి, అలవాటు లేని ప్రాణం కదా, పైడయ్య ఒక్క క్షణం పొంగిపోయి వెనక్కి చూశాడు. తర్వాత సిగ్గుపడి ఇంకా వేగంగా ఎగిరాడు.

గూడు జల్లెడలా కారుతోంది. నూకాలు రెండు రెక్కలూ చాచి గుడ్ల మీద పడుకుని ఉంది. నీళ్ళు ఆమె వీపు మీంచి ధారకడుతున్నాయి.

"ఇది కారుతుందని నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మరి ఎందుకల్లావు?"

"చెబితే వెళ్ళిపోతావని భయపడ్డాను."

నూకాలు రెక్కల కింద గుడ్లు సర్దుకుంది. "వెళ్ళేదాన్నేనేమో. సినిమా వాళ్ళకి నన్ను మోసం చెయ్యడం పని. నీకేం పనయ్యా? అందరూ అబద్ధం చెప్తే, నిజం ఎవరిని అడగాలి నేను?"

ఆ మాటకి పైడయ్యకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాగు గట్టుకి ఎగిరి తడిగడ్డి తెచ్చాడు. కుండపోతలో, ఒక పోచ పక్కన ఇంకో పోచ వేసి, మూడేసి ముళ్ళు బిగించాడు. నూకాలు గుడ్ల మీంచి లేవకుండానే "ఇక్కడ కారుతోంది, అక్కడ కారుతోంది," అని చెబుతూ వచ్చింది. పొద్దుగూకేసరికి గూడు మళ్ళీ మూటలా తయారైంది. చుక్క లోపలికి రాలేదు. గుడ్లు మూడూ వెచ్చబడ్డాయి. నూకాలు మాత్రం అతనితో నాలుగు రోజులు మాట్లాడలేదు.

మర్నాడు తడిసిన అడవంతా ఈతచెట్టు కిందికి చేరింది, పైడయ్యని నాలుగు తిట్టిపోదామని. అడ్రసు నెమలిగారే ఇచ్చారాయె. ముందు మంగాయమ్మ ఉంది.

"నాయనా, పోయినేడు కొట్లో కొన్న దుప్పటి కూడా నువ్వే అల్లావా?"

"అవునమ్మా."

"అది ఇప్పటికీ కారట్లేదు. ఇదిగో, పిల్లలకి అదే కప్పి తీసుకొచ్చాను." మంగాయమ్మ వెనక్కి తిరిగి గుంపుని చూసింది. "తిట్టేవాళ్ళు తిట్టండి. నాకు అలాంటివే మూడు కావాలి, ఊగక్కర్లేదు."

తిట్టడానికి వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, వరసలో నిలబడ్డారు. గుట్ట మీద కొట్టు ఆ ఏడు మళ్ళీ తెరవలేదు. బురదలో చతికిలబడ్డ నెమలి సినిమా తీసినందుకు కొంగకి మాత్రం పక్క అడవిలో సన్మానం జరిగిందట.

ఈ కథలో నీతి: మీరు కప్పుకున్నది అల్లినవాడి పేరు తెలుసుకోవాలంటే అది పాడయ్యేదాకా ఆగండి, బాగున్నంతకాలం ఆ పేరు కంపెనీదే.